వాబ్లీ నాలుగో కాలు

ఏప్రిల్ 14, సోమవారం, కమ్మింగ్ (అమెరికా)

ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో అబద్ధం రాయాల్సిన ఖర్మ నాకు లేదు. అందుకే ముందుగా రాసేస్తున్నాను: మనవరాలి ప్రాజెక్టులో నేను వేలు పెట్టలేదు, పెట్టను.

దేదీప్య అయిదో తరగతి. ఇక్కడి ప్రైమరీ స్కూల్లో అదే పెద్ద తరగతి. వచ్చే ఏడు వేరే స్కూలుకి వెళ్ళిపోతారు కాబట్టి, వెళ్ళేలోగా ఒక్కొక్కరూ సొంతంగా ఏదో ఒకటి తయారుచేసి, కిండర్‌గార్టెన్ పిల్లల ముందు నిలబడి చూపించి చెప్పాలి. బొమ్మయినా సరే, ఆటయినా సరే, కథయినా సరే. మే రెండో తేదీ శుక్రవారం ఆ ముచ్చట. పెద్దవాళ్ళ చెయ్యి పడకూడదని టీచరు మరీ మరీ రాసి పంపింది. ఆ కాగితాన్ని మా అమ్మాయి ప్రణీత ఫ్రిజ్ తలుపుకి అంటించింది. కాఫీకి పాలు తీసినప్పుడల్లా అది నన్నే చూస్తోంది.

దేదీప్య చేసింది ఒక వింత జంతువు. అట్టపెట్టె ఒళ్ళు, ఆకుపచ్చ సాక్సు తల, గుడ్ల అట్ట కత్తిరించిన పళ్ళు. ఒక కన్ను గారెంత, ఇంకో కన్ను మిరియమంత. కాళ్ళు మూడే. నిలబెడితే కుడిపక్కకి ఒరిగిపోతోంది. పేరు వాబ్లీ.

"నాలుగో కాలు మరిచిపోయావేమే?" అన్నాను.

"నో అమ్మమ్మ. త్రీ లెగ్సే. అదే స్టోరీ."

ఆ స్టోరీ ఏమిటో చెప్పమంటే చెప్పలేదు, సర్‌ప్రైజట.

పోయిన ఏడు రెండో తరగతి పిల్లలకి అగ్నిపర్వతం గురించి చెప్పబోతే ఒక్కరూ వినలేదట. ఒకడు షూ లేసు నములుతూ కూర్చున్నాడట, ఇద్దరు జుట్లు పట్టుకున్నారట. ఇది మధ్యలో ఆపేసి వచ్చి కూర్చుంది. అప్పటినుంచి క్లాసులో చెయ్యెత్తడం లేదని ప్రణీత దిగులు. ఈసారైనా ఆ చిన్నవాళ్ళు చివరిదాకా వినాలని పిల్ల ఆశ. నా ఆశా అదే. కాని వినాలంటే ముందు చూడబుద్ధి కావాలిగా? మిరియమంత కన్నుతో ఆ మొహం ఎవరు చూస్తారు?

ఏప్రిల్ 15

ప్రణీత చిన్నప్పుడు దాని ప్రాజెక్టులన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి. బాపట్లలో ఒకసారి థర్మోకోల్‌తో గుండె చేసి, లోపల ఎర్ర బల్బు పెట్టి, స్విచ్ నొక్కితే వెలిగి ఆరేలా చేశాను. జిల్లాలో ఫస్టు ప్రైజు. గొప్పలకి రాయడం లేదు. చెయ్యి తిరిగినవాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటే పిల్లలకే నష్టం అని రాస్తున్నాను.

ఏప్రిల్ 16

వాబ్లీ ఉన్న పెట్టెను వాషింగ్ మెషీన్ గదిలో అలమర మీద పెట్టారు. బట్టలు వెయ్యడానికి వెళ్ళినప్పుడు మూత దానంతటదే తెరుచుకుంది. చిన్న కన్ను ఊడేలా ఉంది. అలా వదిలేస్తే రేపు పొద్దున పిల్ల ఏడుస్తుంది. ఊడేదాన్ని నిలబెట్టడం వేరు, వేలు పెట్టడం వేరు.

సాక్సు మీద గమ్ము నిలవదు, కుట్టాలి. సూదిలో దారం ఎక్కించడానికి నా కళ్ళు సాయం రావు. జాకెట్ హుక్కు ఊడిందని చెప్పి దేదీప్యనే ఎక్కించమన్నాను.

"విచ్ కలర్?" అంది.

"ఆకుపచ్చ."

"నీ బ్లౌజ్ మెరూన్ కదా అమ్మమ్మ?"

"లోపలి కుట్టు ఎవరికి కనబడుతుందే!" అన్నాను.

నా మొహంలోకి కాసేపు చూసి ఎక్కించి ఇచ్చింది. పిల్లలకి ఇన్ని ప్రశ్నలెందుకో.

ఎలాగూ కుడుతున్నాను కదా అని మిరియం తీసేసి, పెద్ద కంటికి జోడుగా కోటు గుండీ కుట్టాను.

ఏప్రిల్ 17

మొహం కళకళలాడుతోంది. ఇక ముట్టుకోను.

ఏప్రిల్ 18

మోకాళ్ళ నొప్పులని బాపట్లలోనే ఉండిపోయిన మా ఆయన ఫోన్ చేశారు. ప్రాజెక్టు సంగతి చెప్పాను. "నువ్వు ముట్టుకున్నావా?" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నా మీద ఈయనకి కుదిరిన నమ్మకం ఇదీ! సిగ్నల్ లేదని పెట్టేశాను.

ఏప్రిల్ 19, శనివారం

వియ్యపురాలు దిగింది. పద్మ వదినగారిది కరీంనగర్. ఇప్పుడు ఈ దేశంలోనే ఎడిసన్‌లో కూతురి దగ్గర ఉంది. మనవరాలి కార్యక్రమం చూస్తానని ఫ్లైట్‌లో వచ్చేసింది. అల్లుడుగారు ఎయిర్‌పోర్టుకి వెళ్ళి తీసుకొచ్చారు. నేను వచ్చినప్పుడు ప్రణీత వచ్చింది, అల్లుడుగారికి ఏదో మీటింగ్ అట. పోనీలే, నేను పట్టించుకోను.

"ఏం వదినా, మంచిగున్నరా? బక్కగైన్రు గదా!" అంది రాగానే.

ఇక్కడికొచ్చాక నా జాకెట్లన్నీ బిగుతయ్యాయి. ఆ సంగతి కనిపెట్టే అలా అందని నా అనుమానం. నేనూ నవ్వుతూ, "మీరు మాత్రం అస్సలు మారలేదు వదినగారూ," అన్నాను. దానర్థం ఆవిడకీ తెలిసే ఉంటుంది.

దేదీప్య ఇద్దరి మధ్యా కూర్చుని నానమ్మ తెచ్చిన సకినాలు తింది. నా జంతికల డబ్బా మూత తీయనేలేదు. డబ్బా బిగుతుగా ఉండి రాలేదేమో.

ఏప్రిల్ 21, సోమవారం

ఘోరం. గది చిన్నదని ఒక్కో పిల్లకి ఒక్కటే అతిథి పాసు ఇచ్చారు. ఎవరికివ్వాలో దేదీప్య ఇష్టమట.

నాకు ఆ పాసు మీద వ్యామోహమేమీ లేదు. వదినగారినే వెళ్ళమందాం, పెద్దమనసు చేసుకుందాం అనుకున్నాను. ఈ ముక్క పైకి అనలేదు, వాళ్ళు నిజంగానే ఒప్పేసుకుంటారేమోనని.

చిలకపచ్చ కంచిపట్టు చీర ఇస్త్రీ చేసుకున్నాను. మడతల్లో ఉంటే పట్టు పాడవుతుంది.

ఏప్రిల్ 22

వాబ్లీ వీపు మీద పువ్వులు! రంగు కాగితాల పువ్వులు, కింద పెద్దవి, పైన చిన్నవి, వరుస మీద వరుస పేర్చి ఉన్నాయి. అచ్చం బతుకమ్మే. ఎవరి పనో వేరే చెప్పాలా?

రాత్రి అన్నాల దగ్గర, "కొంతమందికి పిల్లల వస్తువులు ముట్టుకోకూడదని తెలియదు," అన్నాను గోడకేసి చూస్తూ.

"అవ్ వదినా, నేను గూడ గదే అనుకుంటున్న. ఎవలో గుండీ గుట్టిన్రు," అంది వదినగారు పప్పు వడ్డించుకుంటూ.

దేదీప్య తల పళ్ళెంలోకి దించేసుకుని తింటోంది. దాని భుజాలు ఎందుకు కదిలాయో అర్థం కాలేదు. పొలమారిందేమో.

ఏప్రిల్ 23

బతుకమ్మ ముందు వాబ్లీ నడుము బోసిగా ఉంది. నా జాకెట్టు గుడ్డ జరీ అంచు ఒకటి మిగిలి ఉంటే చుట్టూ కుట్టాను.

"విచ్ కలర్ టుడే?" అంది దేదీప్య సూది తీసుకుని.

ఎరుపన్నాను. ఈసారి బ్లౌజు గురించి అడగలేదు. పిల్లకి ఇంగితం వస్తోంది.

ఏప్రిల్ 24, గురువారం

మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు, వదినగారు కునుకు తీస్తోందనుకున్నాను. సరే కదా అని మెషీన్ గదిలోకి వెళ్ళాను. అక్కడ వదినగారు! చేతిలో గమ్ము కక్కే తుపాకీ, ఒళ్ళో వాబ్లీ.

"బట్టలేద్దామని అచ్చిన వదినా," అంది.

"నేనూ అందుకే వచ్చాను వదినగారూ," అన్నాను.

ఆవిడ దగ్గర ఒక్క బట్ట లేదు. నా దగ్గర సూది, కత్తెర. ఇద్దరం ఖాళీ మెషీన్‌కేసి చూశాం. ఆవిడ ముందు నవ్వింది. ఆమాట ఖచ్చితంగా రాసుకోవాలి, ముందు నవ్వింది ఆవిడే. తరవాత ఇద్దరం కింద కూలబడి పళ్ళికిలించుకుంటూ కూర్చున్నాం. ఆవిడ నా జరీ అంచు తడిమి, కుట్టు సన్నగా ఉందంది. నేనూ ఆవిడ పువ్వుల మడత బాగుందన్నాను. బాగుందంటే బాగుందని అనాలిగా, ఎవరిదైనా.

"గని వదినా, గీ మూడు కాళ్ళేంది? సూస్తె పాపమనిపిస్తున్నది."

అప్పుడు నాకు ఆవిడ మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

ఏప్రిల్ 29, మంగళవారం

నాలుగో కాలు పెట్టాం. టిష్యూ చుట్ట అట్టని మిగతావాటి కొలతకి వదినగారు కత్తిరించింది, నేను రెండు వరసలు కుట్టాను. ఇక ఏనుగు లాగినా ఊడదు. బల్ల మీద నిలబెడితే రాయిలా నిలబడింది. ఒరగడం లేదు, ఊగడం లేదు.

ఇద్దరం కాస్త దూరం జరిగి చూసుకున్నాం. దిష్టి తగులుతుందని వదినగారు బుగ్గ మీద కాటుక చుక్క కూడా పెట్టింది.

త్రీ లెగ్సే స్టోరీ అని పిల్ల అన్న మాట నాకు గుర్తుంది. చిన్నపిల్లలు అలాగే అంటారు. బాగున్నదాన్ని చూశాక వద్దంటారా?

ఏప్రిల్ 30, బుధవారం

రాయబుద్ధి కావడం లేదు.

ఈరోజు స్కూల్లో రిహార్సల్ అట. మాకు తెలియదు. పొద్దున హడావుడిలో పెట్టె మూత తీయకుండానే పట్టుకెళ్ళింది. సాయంత్రం బస్సు దిగి మాతో మాట్లాడకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పెట్టె సోఫా మీద పడుంది. తీసి చూస్తే వాబ్లీ పొట్ట చిరిగి ఉంది. నాలుగో కాలు మాత్రం చెక్కుచెదరలేదు.

పీకబోయిందట. నా కుట్టు ఊడలేదు, దాని అట్టే చిరిగింది.

సంగతంతా టీచరు ప్రణీతకి ఫోన్‌లో చెప్పింది. ఇది నువ్వే చేశావా అని టీచరు అడిగితే, పిల్ల "హాఫ్" అందట. తరవాత కథ మొదలుపెట్టి, కాలు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయి, శుక్రవారం నేను చెప్పను అందట.

నేను వెంటనే, "పొట్ట నేను కుట్టేస్తాను, కనబడకుండా," అన్నాను.

"నువ్వు మళ్ళీ దాన్ని ముట్టుకోకు అమ్మా," అంది ప్రణీత. ఎప్పుడూ గొంతెత్తని పిల్ల. "ఆ థర్మోకోల్ గుండె గుర్తుందా? స్టేజి మీద అది ఎలా పనిచేస్తుందో చెప్పమన్నారు నన్ను. నాకేం తెలుసు? నువ్వు నన్ను ముట్టుకోనిచ్చావా? ఆ ప్రైజులన్నీ నీవి. నేను మోసుకెళ్ళానంతే."

అత్తగారు పక్కనే ఉందని కూడా చూడలేదు. వదినగారు లేచి వంటింట్లోకి వెళ్ళి ఊరికే గిన్నెలు చప్పుడు చేసింది. మా మాటలు వినబడటం లేదని నాకు తెలియాలని అలా చేసింది. మంచిది.

నేను ఉల్లిపాయలు తరిగాను. కళ్ళు మండాయి. ఇక్కడి ఉల్లిపాయలు మహా ఘాటు.

మే 1, గురువారం

పొద్దున గది తలుపు ముందు నిలబడి, "నాదే తప్పే తల్లీ," అన్నాను. నా వెనకాల వదినగారు, "నాది గూడ బిడ్డా, కొలత నేనే గోసిన," అంది. దేదీప్య బ్యాగు తగిలించుకుని మా పక్కనుంచే బస్సుకి వెళ్ళిపోయింది.

సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, మమ్మల్నిద్దర్నీ సోఫాలో పక్కపక్కన కూర్చోబెట్టింది. ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"టుమారో మీరు ఇద్దరు రావాలి."

"పాసు ఒక్కటే కదే?" అన్నాను.

"పాస్ అమ్మకి. అమ్మ నా గెస్ట్."

"మరి మేము?"

"మీరు గెస్ట్స్ కాదు. మీరు ప్రాప్స్. నేను టీచర్‌ని అడిగాను. ప్రాప్స్ ఎన్నైనా ఓకే."

ప్రాప్స్ అంటే ఏమిటని ప్రణీతని అడిగాం. నాటకంలో స్టేజి మీద పెట్టే కుర్చీలు, కుండలు, అలాంటివట.

"కుర్చీలమా!" అంది వదినగారు.

ప్రణీత పాసు చేతిలో పట్టుకుని దానికేసే చూస్తోంది. ఆ పాసు దానికి దక్కుతుందని ఈ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అసలు అది కూడా రావాలనుకుంటోందేమోనని నాకే తట్టలేదు.

మే 2, శుక్రవారం

అన్నీ రాయాలి, ఒక్కటీ పోకూడదు.

చిలకపచ్చ చీరే కట్టుకున్నాను. కుర్చీ అయినా కాస్త శుభ్రమైన కుర్చీగా ఉండాలి. వదినగారు గద్వాల కట్టింది. తివాచీ మీద కిండర్‌గార్టెన్ పిల్లలు గోలగోలగా కూర్చున్నారు. వాళ్ళ ముందు మాకిద్దరికీ చిన్నపిల్లల కుర్చీలు వేశారు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. పైగా, అరచేతుల మీద కూర్చోమని దేదీప్య ఆజ్ఞ. కూర్చున్నాం.

పెద్ద స్క్రీన్ మీద మొదటి ఫొటో వేసింది. మూడు కాళ్ళ వాబ్లీ, మిరియమంత కన్నుతో. తరవాత ఫొటోలో కోటు గుండీ. ఆ తరవాత బతుకమ్మ. ఆపైన జరీ అంచు. ఒక్కటీ వదలకుండా ప్రతిరోజూ ఫొటో తీసి పెట్టింది! దారం ఎక్కించి ఇచ్చిన రోజు నుంచీ తెలుసట. నేనొక్కదాన్నే తెలివైనదాన్ని అనుకున్నాను ఈ ఇంట్లో.

"ఎవ్రీ మార్నింగ్ వాబ్లీ లేచి చూసుకుంటే ఏదో చేంజ్ అయిపోయేది," అని వాళ్ళ ఇంగ్లీషులో చెప్తూ, గొంతు తగ్గించి అడిగింది, "హూ డిడ్ ఇట్?"

ముందు వరసలో పళ్ళూడిన ఒక చిన్నది, సాన్వి అట పేరు, మా ఇద్దర్నీ పైనుంచి కిందిదాకా చూసి, వేలు చూపించి, "దెమ్!" అని అరిచింది. పిల్లలంతా విరగబడి నవ్వారు. వదినగారు, "దొరికినం వదినా," అంది చెవిలో.

అప్పుడు కథ చెప్పింది. వాబ్లీకి మూడే కాళ్ళు, కాబట్టి స్కూలు బస్సులో సరిగ్గా కూర్చోలేదు. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళ మీదికి ఒరిగిపోతుంది. సారీ చెప్తుంది, మళ్ళీ ఒరుగుతుంది. అలా ఒరిగీ ఒరిగీ బస్సులో అందరితో స్నేహం అయిపోయింది. కాని ఒకరోజు ఇద్దరు గ్రాండ్‌మాలు దానికి నాలుగో కాలు కుట్టారు. ఇప్పుడు వాబ్లీ తిన్నగా కూర్చుంటోంది, చాలా నీటుగా ఉంది. కాని ఎవరి మీదా ఒరగడం లేదు. ఎవరూ దానితో మాట్లాడటం లేదు.

చిన్నవాళ్ళంతా చివరిదాకా విన్నారు. షూ లేసులు షూలకే ఉన్నాయి, ఎవరి నోట్లోనూ లేవు. నా కళ్ళు మండాయి. ఇక్కడ ఉల్లిపాయల మీద పెట్టడానికి లేదు. ఏడుపొచ్చింది, రాస్తున్నాను.

"వాట్ షుడ్ వి డూ?" అంది దేదీప్య.

"టేకిట్ ఆఫ్!" అని గది దద్దరిల్లేలా అరిచారు.

అది వాబ్లీని తెచ్చి నా ఒళ్ళో పెట్టి, చిన్న కత్తెర నా చేతికిచ్చింది. "నువ్వే కుట్టావ్ అమ్మమ్మ. నువ్వే విప్పు."

విప్పాను. రెండు వరసలు కుట్టిన ఖర్మకి ఒక్కో కుట్టూ వెతుక్కుని కత్తిరించాను. నా చేతి పని ఇంత గట్టిదా అని మొదటిసారి విసుగేసింది. కాలు ఊడి చేతిలోకి రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. జిల్లా ఫస్టు వచ్చినప్పుడు కూడా నాకు ఇన్ని చప్పట్లు లేవు.

అప్పుడు పొట్ట మీద చిరుగు కనబడింది. నా చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది. అదే సమయానికి వదినగారి చెయ్యీ వచ్చింది.

"హ్యాండ్స్ ఆఫ్!" అని పిల్లలంతా ఒక్కసారి కేక పెట్టారు.

గబుక్కున ఇద్దరం మళ్ళీ చేతుల మీద కూర్చున్నాం. సాన్వి లేచొచ్చి ఇంత పొడుగు టేపు తీసి చిరుగు మీద అంటించింది. వంకరగా అంటించింది. సగం చిరుగు బయటే ఉంది. ఒక మూల మడత పడి చేతికి అంటుకుంటోంది. ఊరుకున్నాను. నా జన్మలో నేను చేసిన కష్టమైన పని అదే.

దేదీప్య వాబ్లీని సాన్వి పక్కన కూర్చోబెట్టింది. అది మెల్లగా ఒరిగి సాన్వి భుజం మీద తల వాల్చింది. ఇక మిగతా పిల్లలు ఊరుకుంటారా? నా మీద, నా మీద అని లైను కట్టారు.

వెనక గోడ దగ్గర ప్రణీత ఫోన్‌తో వీడియో తీస్తోంది. తిరిగొచ్చేటప్పుడు కార్‌లో నేను దాని పక్కన కూర్చుని, "ఆ గుండె నిన్నే చెయ్యనివ్వాల్సింది," అన్నాను. అది సిగ్నల్ దగ్గర ఆగి, ఎడంచేత్తో స్టీరింగ్ పట్టుకుని, కుడిచెయ్యి తెచ్చి నా చేతి మీద పెట్టింది. సిగ్నల్ మారాక తీసేసింది.

మే 4, ఆదివారం

వదినగారు ఎడిసన్ వెళ్ళిపోయింది. నా జంతికలు సగం డబ్బా మూటకట్టి ఇచ్చాను. మెషీన్ గదిలోకి వెళ్తే ఏమీ తోచలేదు.

వాబ్లీ హాల్లో టీవీ పక్కన కుడికి ఒరిగి కూర్చుంది. పువ్వులు, జరీ అంచు, గుండీ కన్ను అలాగే ఉంచింది. "దోజ్ ఆర్ ఓకే" అట. టేపు మూల ఇంకా మడతపడే ఉంది. అటు చూడకుండా తిరుగుతున్నాను.

సాయంత్రం దేదీప్య ఊడిన నాలుగో కాలు తెచ్చి, డైనింగ్ టేబుల్ మీద నా ముందు పెట్టింది. దానికి రెండు చెవులు, ఒక కన్ను అంటించి ఉన్నాయి. చెవులు రెండూ ఒకేవైపు ఉన్నాయి. ఇంకో కొత్త జంతువట, పేరింకా పెట్టలేదట.

"నేను షవర్‌కి వెళ్తున్నాను అమ్మమ్మ. డోంట్ టచ్ ఇట్," అని వేలు చూపించి మరీ వెళ్ళింది.

చూస్తే పక్కన నా కళ్ళజోడు. కళ్ళజోడు మీద సూది. సూదిలో దారం ఎక్కించే ఉంది. ఈసారి ఏ రంగని నన్ను అడగలేదు.

నేను ముట్టుకోలేదు. కళ్ళజోడు మాత్రం పెట్టుకున్నాను.